నోరు కాలితే ఏం చేయాలి? మొదటి పది నిమిషాల నుంచి పుండు మానేదాకా

నోరు కాలినప్పుడు ముందు వెతకాల్సింది మందు కాదు, నీళ్లు. మా తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో నాలుక కాలిందనగానే ఒకరు చక్కెర నోట్లో వేసుకోమంటారు, ఒకరు నెయ్యి రాయమంటారు, ఇంకొకరు ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తెచ్చి నాలుక మీద పెడతారు. అందరిదీ ప్రేమే. కానీ ఆ హడావిడిలో అసలు జరగాల్సిన పని ఆగిపోతుంది. వేడి పదార్థాన్ని మింగేసినా, ఉమ్మేసినా, అది తగిలిన చర్మంలో వేడి కాసేపు ఉండిపోయి లోపలి పొరల్ని కూడా దెబ్బతీస్తుంది. ఆ వేడిని తీసేయగలిగేవి మామూలు చల్లటి నీళ్లే.

ఇంకో మాట కూడా మొదటే చెప్పాలి. నోరు వేడికే కాలదు. తాంబూలంలో సున్నం ఎక్కువైనా, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తగిలినా, పంటి నొప్పికని లవంగ నూనె పెట్టినా, మామిడికాయ సొన తగిలినా కాలుతుంది. ఒక్కోదానికి చేయాల్సింది ఒక్కోలా ఉంటుంది. అందుకే దేని వల్ల కాలిందో తేల్చుకోవడం సగం వైద్యం.

వేడికి కాలినప్పుడు

మొదటి అడుగు, నోట్లో ఉన్నది ఉమ్మేయడం. పంక్తిలో పక్కన పెద్దవాళ్లు కూర్చున్నారని, ఉమ్మితే బాగుండదని చాలామంది కళ్లల్లో నీళ్లు పెట్టుకుని మరీ మింగేస్తారు. దయచేసి అలా చేయకండి. నాలుక మీద కాలింది వారంలో మానుతుంది. మింగితే గొంతు, అన్నవాహిక కాలతాయి. అక్కడ ఎంత కాలిందో మనకు కనిపించదు. కట్టుడు పళ్లు పెట్టుకునేవాళ్లయితే వాటిని వెంటనే తీసేయాలి. వాటి కింద చిక్కుకున్న పులుసో, టీయో అంగిలిని ఇంకా కాలుస్తూనే ఉంటుంది.

రెండో అడుగు, చల్లటి నీళ్లు. ఒక గుక్క తీసుకుని కాలిన చోట నిలిచేలా నోట్లో ఉంచి, నీళ్లు వెచ్చబడగానే ఉమ్మేసి, మళ్లీ ఇంకో గుక్క. ఇలా కనీసం పది నిమిషాలు చేయాలి. పది నిమిషాలంటే గడియారం చూసి పది నిమిషాలు. మంట కాస్త తగ్గగానే రెండో నిమిషంలోనే ఆపేస్తుంటారు, అది చాలదు. కుండ నీళ్లు దీనికి చక్కగా సరిపోతాయి. కుళాయి నీళ్లు చల్లగా ఉంటే అవీ చాలు. ఫ్రిజ్ నీళ్లయితే కొంచెం మామూలు నీళ్లు కలపండి. ఐసు ముక్కను నేరుగా పెట్టొద్దని చెప్పేది ఎందుకంటే, తడిగా ఉన్న నాలుకకు, పెదవికి అది అతుక్కుంటుంది, లాగితే పొర ఊడి వస్తుంది. పైగా అతి చలికి అక్కడి రక్తనాళాలు ముడుచుకుని, అప్పటికే దెబ్బతిన్న చోటుకు రక్తం సరిగ్గా అందదు.

పుక్కిలించడం రాని చిన్నపిల్లలకు చెంచాతో కొద్దికొద్దిగా చల్లటి నీళ్లు పట్టండి. చల్లటి పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్ కూడా పనికొస్తాయి. పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు బలవంతంగా నోట్లో పోస్తే పొలమారుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏడుపు తగ్గాక పట్టండి. చంటిబిడ్డయితే తల్లిపాలు ఇవ్వొచ్చు.

మూడో అడుగు, చూడడం. ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో చూసుకోండి. ఎర్రగా ఉండి మంట పుడుతుంటే పైపొర మాత్రమే కాలినట్టు. పొక్కులు వచ్చినా, తెల్లగా పాలిపోయినట్టు కనిపించి బాగా నొప్పి పెట్టినా ఇంకాస్త లోతుగా కాలింది. తెల్లగానో నల్లగానో మారి అసలు స్పర్శే లేకపోతే అది లోతైన గాయం. నొప్పి లేదు కదా అని సంబరపడకూడదు, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

నొప్పికి పెద్దవాళ్లు పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుని, అవసరమైతే ఆరు గంటల తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి. పిల్లలకు బరువును బట్టి డోసు ఉంటుంది కాబట్టి, ఇంట్లో ఉన్న సిరప్‌ను అంచనాగా పోయకుండా డాక్టర్ చెప్పిన కొలతే పోయండి. మందుల షాపులో నోటి పుండ్లకని ఇచ్చే తిమ్మిరి జెల్లులు పెద్దవాళ్లకు కాసేపు ఉపశమనం ఇస్తాయి. పసిపిల్లలకు మాత్రం డాక్టర్ చెప్పకుండా రాయొద్దు. బెంజోకెయిన్ ఉన్న జెల్లు రెండేళ్లలోపు పిల్లల్లో రక్తం ఆక్సిజన్ మోసే శక్తినే తగ్గించగలదు.

రాయకూడనివి

టూత్‌పేస్ట్ వద్దు. చల్లగా అనిపించేది అందులోని పుదీనా లాంటి పదార్థం వల్ల. అది గాయాన్ని చల్లబరచదు, నురుగు వచ్చే రసాయనంతో కలిసి ఇంకా మండిస్తుంది. పసుపు పొడి, కర్పూరం, వెల్లుల్లి ముద్ద, లవంగ నూనె ఇవేవీ కాలిన చోట పెట్టొద్దు. కర్పూరం పిల్లల కడుపులోకి పోతే మూర్ఛలు కూడా రావచ్చు. నెయ్యి సంగతి వేరు. కాలగానే రాస్తే చల్లబడడానికి అడ్డం పడుతుంది. పది నిమిషాలు నీళ్లతో చల్లబరిచాక, పెదవులు ఎండిపోకుండా కొంచెం రాసుకుంటే నష్టం లేదు. తేనె కూడా అంతే, చల్లబడ్డాక పెద్దవాళ్లు కొంచెం నాకితే హాయిగా ఉంటుంది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. అందులో ఉండగల సూక్ష్మజీవులు ఆ వయసు పిల్లలకు బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తేగలవు.

తర్వాతి వారం

నోటి లోపలి పొర మన ఒంటి మీది చర్మం కన్నా చాలా త్వరగా మానుతుంది. లాలాజలం ఎప్పుడూ తడిపి ఉంచుతుంది, రక్తం బాగా అందుతుంది. మామూలు కాలుడు ఐదారు రోజుల్లో సర్దుకుంటుంది. మనం చేయాల్సిందల్లా దాన్ని మళ్లీ మళ్లీ రేపకుండా ఉండడం.

మొదటి రెండు రోజులు పెరుగన్నం, చల్లారిన రాగి అంబలిలో మజ్జిగ కలిపినది, అరటిపండు, బాగా మెత్తగా చేసి చల్లార్చిన పప్పన్నం తినండి. రాగి అంబలి మన ప్రాంతానికి దొరికిన వరమని నేను నమ్ముతాను. గొంతులోకి జారిపోతుంది, కడుపు నిండుతుంది, ఎక్కడా గీరుకోదు. ఊరుబిండి పచ్చడి, పచ్చిమిరపకాయ, చింతపండు పులుసు, నిమ్మకాయ, టమోటా పక్కన పెట్టాలి. పులుసు లేకపోతే ముద్ద దిగదనే వాళ్లకు ఇది కష్టమే. కానీ మిరపలోని కారం మన నాలుక మీద వేడిని గుర్తించే నాడులనే తడుతుంది. అప్పటికే కాలి ఉన్న నాలుకకు చిన్న కారం కూడా పెద్ద మంటగా తెలిసేది అందుకే. కారం తగిలితే నీళ్లు తాగి లాభం లేదు, మిరప ఘాటు నీటిలో కరగదు. పాలో, పెరుగో నోట్లో పోసుకోండి. అప్పడాలు, చెగోడీలు, కాల్చిన చెనిక్కాయలు లాంటివి వారం ఆగాక తినొచ్చు. బీడీ, సిగరెట్, గుట్కా, మద్యం మానితే గాయం తొందరగా మానుతుంది.

రెండో రోజు నుంచి ఉప్పు నీళ్లు మొదలుపెట్టండి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు కరిగించి, తిన్న తర్వాత, పడుకునే ముందు మెల్లగా పుక్కిలించాలి. ఉప్పు ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు జరగదు, మంటే పెరుగుతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడొద్దు. పళ్లు తోముకోవడం మానకండి, మెత్తటి బ్రష్‌తో కాలిన చోటు తప్పించి తోముకోండి.

రెండు మూడు రోజులకు అంగిలి మీద పొర తెల్లగా లేచి వేలాడుతుంది. దాన్ని గోటితో పీకాలని చేయి పోతూనే ఉంటుంది. పీకొద్దు. కింద కొత్త పొర సిద్ధమయ్యాక అదే రాలిపోతుంది. పొక్కును కూడా చిదమకూడదు. రుచి తెలియడం లేదని కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది. రుచి కణాలు పాతవి పోయి కొత్తవి పుట్టడానికి పది పదిహేను రోజులు పడుతుంది, రుచి తిరిగి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు గాయం మానడం ఆలస్యం కావచ్చు, వాళ్లు మూడు నాలుగు రోజులకే ఒకసారి చూపించుకోవడం మంచిది. ఎవరికైనా సరే, రెండు వారాలు దాటినా పుండు మానకపోతే డెంటిస్టును కలవాలి. అది కాలిన పుండు కాకపోవచ్చు. పొగాకు నమిలేవాళ్లయితే అసలు వాయిదా వేయకూడదు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు

గొంతు బొంగురుపోవడం, ఊపిరి పీల్చినప్పుడు ఈల లాంటి శబ్దం రావడం, లాలాజలం మింగలేక కారుతుండడం, నాలుకో పెదవో క్షణక్షణానికి వాయడం, ఛాతీలో నొప్పి, రక్తం కక్కడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయండి. గొంతు లోపలి వాపు వెంటనే రాకుండా కొన్ని గంటల తర్వాత కూడా పెరుగుతుంది. కాబట్టి బాగా వేడి పదార్థం మింగిన పిల్లవాడు బాగానే ఉన్నాడనిపించినా ఆ రాత్రి గమనిస్తూ ఉండాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. తిరుమల కొండ మీద ఉంటే అశ్విని ఆసుపత్రికి వెళ్లొచ్చు. చిత్తూరు వైపు వాళ్లు జిల్లా ఆసుపత్రికి గానీ, వేలూరు దగ్గరైతే సీఎంసీకి గానీ వెళ్తుంటారు. ఏది ముందు చేరగలమో అక్కడికే వెళ్లండి. ఊపిరి ఆడని మనిషిని పేరున్న ఆసుపత్రి కోసం దూరం తీసుకెళ్లడం మంచిది కాదు.

సున్నం, యాసిడ్ తగిలితే

నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ భాగమే. ఎందుకంటే ఇక్కడ చేసే పొరపాటు జీవితాంతం వెంటాడుతుంది.

తాంబూలం సున్నం బాగా ఘాటైన క్షారం. ఆకుకు పల్చగా రాసినప్పుడు వక్క, ఆకుతో కలిసిపోతుంది కాబట్టి నోరు ఓర్చుకుంటుంది. గడ్డగా ఒకచోట తగిలితే బుగ్గ లోపలి పొర తెల్లగా ఉడికినట్టయి ఊడి వస్తుంది. అలా జరిగితే ముందు తడిగుడ్డతో సున్నాన్ని తుడిచి తీసేయాలి. తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు నీళ్లు నోట్లో పోసుకుంటూ ఉమ్ముతూ ఉండాలి. నీళ్లు కలపని పొడి సున్నమైతే నీళ్లు పోసే ముందే పొడిగుడ్డతో వీలైనంత తుడిచేయాలి, నీళ్లు తగలగానే అది వేడెక్కుతుంది. సున్నానికి విరుగుడని నిమ్మరసం, చింతపండు నీళ్లు పోయకండి. రెండూ కలిసినప్పుడు వేడి పుట్టి, గాయం మీద ఇంకో గాయం అవుతుంది. పిల్లల చేతికి సున్నం డబ్బా, సున్నం ట్యూబు దొరకనివ్వొద్దు. నోటికన్నా కంటికి ఇంకా ప్రమాదం. కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూనే ఆసుపత్రికి బయలుదేరాలి.

బాత్‌రూమ్ యాసిడ్, డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే పొడి, బ్లీచింగ్ ద్రావణం మింగితే వాంతి చేయించకూడదు. ఇది ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఉప్పు నీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టడం మన దగ్గర ఇంకా జరుగుతోంది. కిందికి దిగేటప్పుడు ఒకసారి కాల్చింది, వాంతిలో పైకి వచ్చేటప్పుడు అన్నవాహికను రెండోసారి కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. నోరు నీళ్లతో కడిగించి ఉమ్మించండి, తడిసిన బట్టలు తీసేయండి, ఆ సీసాను చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. పాలు, గుడ్డు తెల్లసొన లాంటివేవీ మీ అంతట మీరు పట్టొద్దు. నోట్లో ఏమీ కాలినట్టు లేకపోయినా వెళ్లాల్సిందే. నోరు బాగుండి లోపల అన్నవాహిక కాలి ఉండడం ఈ కేసుల్లో మామూలే. గొంతులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ చేస్తేనే తెలుస్తుంది.

ఇలాంటివి చాలావరకు కూల్‌డ్రింక్ సీసాల వల్ల జరుగుతాయి. వీధిలో అమ్మే ఫినాయిల్, యాసిడ్‌ను పాత కూల్‌డ్రింక్ సీసాలో పోయించుకుని బాత్‌రూమ్ మూలన పెడతాం. ఎండలో ఆడి వచ్చిన పిల్లవాడికి అది కూల్‌డ్రింకే. దొరికినా సరే అలాంటి సీసాలో కొనకండి. కొన్న సీసాలోనే ఉంచి, పిల్లల చేతికి అందని ఎత్తులో, తలుపు మూసే అరలో పెట్టండి.

రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బటన్ బ్యాటరీ కూడా ఈ కోవకే చెందుతుంది. లాలాజలం తగలగానే దానిలోంచి కరెంటు పారి పక్కనున్న పొరను కాలుస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు. మింగినట్టు అనుమానం వచ్చినా చాలు, వెంటనే బయలుదేరి ఎక్స్‌రే తీయించాలి. మింగి పన్నెండు గంటలు దాటని, ఏడాది నిండిన పిల్లలకు, మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు. తేనె కోసం ప్రయాణం ఆపొద్దు. యాసిడ్ మింగిన పిల్లలకు ఈ తేనె పద్ధతి వర్తించదు.

పంటి నొప్పి చిట్కాల వల్ల కాలే నోళ్లు తక్కువేం కావు. నొప్పి మాత్రను మింగకుండా పన్ను పక్కన అదిమి పెట్టుకుంటారు. ఆస్పిరిన్ అయితే తెల్లారేసరికి చిగురు తెల్లగా మాడిపోయి ఉంటుంది. లవంగ నూనెలో ముంచిన దూది, దంచిన వెల్లుల్లి చేసేదీ అదే. పన్ను నొప్పి అలాగే ఉంటుంది, దాని మీద కొత్త పుండు చేరుతుంది. కాలితే నీళ్లతో బాగా పుక్కిలించి, పైన చెప్పిన మెత్తటి తిండి, ఉప్పు నీళ్ల పద్ధతే పాటించండి. పన్నుకు మాత్రం డెంటిస్టే దిక్కు.

మామిడి సీజన్‌లో

చిత్తూరు అంటేనే తోతాపురి. కాయల కాలంలో పిల్లలందరి మూతులూ ఏదో ఒక రోజు పొక్కుతాయి. తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన పెదవుల అంచుల్ని, నోటి మూలల్ని కాలుస్తుంది. కొందరికి అది అలర్జీగా ఒకటి రెండు రోజుల తర్వాత దురద, నీటి పొక్కులతో బయటపడుతుంది. తగిలిన వెంటనే సబ్బుతో మూతి బయట కడిగి, నోరు నీళ్లతో పుక్కిలించాలి. గీరకూడదు. వాపు కళ్లదాకా పాకితే డాక్టర్‌కు చూపించాలి. కాయ తెచ్చాక తొడిమ తీసి, బోర్లా పెట్టి సొన కారనిచ్చి, కాసేపు నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, తొక్క తీసి కోయండి. పండును పళ్లతో కొరికి తొక్క చీల్చే అలవాటు మాన్పిస్తే సగం బాధ తప్పుతుంది.

పసిపిల్లలు ఛార్జర్ వైరు కొరికి నోటి మూల కాల్చుకుంటారు. ముందు స్విచ్ ఆపి, తర్వాతే బిడ్డను ముట్టుకోవాలి. చూడడానికి చిన్నగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. పైన కట్టిన పొర ఊడినప్పుడు, వారం పది రోజుల తర్వాత కూడా పెదవి నుంచి ఉన్నట్టుండి రక్తం కారవచ్చు. అప్పుడు శుభ్రమైన గుడ్డతో పెదవిని రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి పట్టుకుని బయలుదేరండి.

కాలకుండా చూసుకోవడం

మన సంగటితో మొదలుపెడదాం. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల పొగలు కక్కుతుంటుంది. దాన్ని నమలం, పులుసులో ముంచి మింగేస్తాం. అంటే కాలేది నోరు మాత్రమే కాదు, గొంతు కూడా. ముద్దను తడిచేత్తో కంచంలో పరిచి, మధ్యలో గుంత చేసి రెండు మూడు నిమిషాలు వదలండి. చిన్న ముక్కలుగా తుంచుకోండి. పిల్లలకు పెట్టేటప్పుడు వేడి ఎంతుందో వేలితో చూడకండి. రోజూ పొయ్యి దగ్గర పనిచేసే వేళ్లు వేడికి అలవాటుపడి ఉంటాయి. మణికట్టు లోపలి వైపు తాకించి చూడండి. ఉగ్గుకైనా, సీసా పాలకైనా ఇదే కొలత. మైక్రోవేవ్‌లో వేడిచేసిన పాలు ఒకచోట గోరువెచ్చగా, ఇంకోచోట మరుగుతూ ఉంటాయి. అందుకే బాగా కలపకుండా పట్టకూడదు.

బెల్లం పాకం అన్నిటికన్నా ప్రమాదం. మరిగే నీళ్లు వంద డిగ్రీలు, గట్టి పాకం అంతకన్నా ఇంకా వేడి. పైగా అతుక్కుంటుంది. గానుగ దగ్గర పెనంలో ఉడికే బెల్లాన్ని పుల్లతో తీసి నాకాలని ప్రతి పిల్లవాడికీ ఉంటుంది. ఆకు మీద వేసి, పూర్తిగా గడ్డకట్టాక ఇవ్వండి. పూర్ణం బూరెలు, మిరపకాయ బజ్జీలు మొదట చేత్తో విరిచి ఆవిరి పోనిచ్చాకే నోట్లో పెట్టుకోవాలి.

టీ, కాఫీ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో, 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న జాబితాలో చేర్చింది. అక్కడ తప్పు టీది కాదు, వేడిది. తిరుపతిలో ఫిల్టర్ కాఫీని డవరాలో తిరగబోసుకుని తాగే పద్ధతి దీనికి చక్కటి జవాబు. పేపరు కప్పుకు మూత పెట్టి ఇస్తే మాత్రం వేడి తెలియదు, మూత తీసి నాలుగైదు నిమిషాలు ఆగండి. చలికాలం తెల్లవారుజామున తిరుమల కొండ మీద వేడివేడి పాలు, పొంగలి చేతికి రాగానే ఆత్రం కలగడం సహజమే. పిల్లలకు ముందు మీరు రుచి చూసే ఇవ్వండి.

పన్ను పీకించుకునో, రూట్ కెనాల్ చేయించుకునో వచ్చిన రోజు ఇంజెక్షన్ తిమ్మిరి పూర్తిగా వదిలేదాకా వేడిదేదీ తాగొద్దు. దానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఆ సమయంలో పెదవి, బుగ్గ కాలినా తెలియదు.

చివరగా, వేడిదేదీ తినకుండానే నోరంతా రోజుల తరబడి మండుతుంటే అది కాలిన గాయం కాదు. బీ12, ఐరన్ లోపం, షుగర్, నోటిలో ఫంగస్, కొన్ని మాత్రల ప్రభావం దీనికి కారణాలు కావచ్చు. అందుకు పుక్కిలింతలు సరిపోవు, రక్త పరీక్ష చేయించుకుని డాక్టర్‌ను కలవాలి.